ఒకే కిడ్నీ ఉన్న కబడ్డీ ఆటగాడికి మెత్తల బనియన్: మూడు నెలల వాడకం తరువాత

మా పదహారేళ్ల అబ్బాయికి పుట్టుకతోనే కుడి కిడ్నీ లేదు. పాఠశాల జట్టులో కబడ్డీ ఆడుతున్నాడు కనుక, కిడ్నీలకు పూర్తి రక్షణ ఇస్తుందన్న ప్రకటన చూసి, పక్కల్లో నురుగు మెత్తలు కుట్టిన ఈ బనియన్‌ను ఆన్‌లైన్‌లో 2,150 రూపాయలకు తెప్పించాను.

కుట్టు గట్టిది, ఎన్నిసార్లు ఉతికినా మెత్తలు చితకలేదు. డాష్ తగిలినప్పుడు పక్కటెముకల నొప్పి బాగా తగ్గిందని వాడే చెప్పాడు. అయితే మెత్త ఉండవలసిన చోట లేదు. కిడ్నీ పైభాగం 11, 12వ పక్కటెముకల చాటున ఉంటే, కింది భాగానికి ఆ అండ ఉండదు. పైగా జోడు లేని కిడ్నీ పనంతా తానే మోస్తూ సాధారణంగా పరిమాణంలో పెరుగుతుంది. మావాడు కూతకు వెళ్లి ముందుకు వంగగానే బనియన్ పైకి జరిగి, మెత్త అంచుకూ నిక్కరు పట్టీకీ నడుమ వెనుకవైపు నాలుగు వేళ్ల మేర ఒళ్లు బయటపడుతోంది. కాపాడవలసినది సరిగ్గా అక్కడే ఉంది. అమ్మకందారు సలహాపై ఒక సైజు పెద్దది తీసుకుంటే అది మరింత జారింది.

అసలు ఇలాంటి మెత్తలు కిడ్నీ గాయాలను ఆపుతాయనడానికి గట్టి రుజువు లేదని మా డాక్టరుగారు ముందే చెప్పారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఒకే కిడ్నీ ఉన్నవారిని ఆటలకు దూరంగా ఉంచమనదు. ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి నిర్ణయించమంటుంది. అక్కడి ఉన్నత పాఠశాలల క్రీడాకారులపై 2012లో వెలువడిన అధ్యయనంలో 23,666 గాయాలు నమోదైతే కిడ్నీకి తగిలినవి 18 మాత్రమే. ఆ లెక్కలో కబడ్డీ లేదు కనుక నేను పూర్తిగా నిశ్చింతగా లేను. ఒకే కిడ్నీతో 2003 ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచిన అంజు బాబీ జార్జ్ పేరు చాలామంది ఉదాహరణగా చెబుతారు గాని, లాంగ్ జంప్‌లో ఎవరూ వచ్చి నడుము మీద పడరు కదా.

పక్కటెముకల రక్షణకైతే ఐదుకు నాలుగు మార్కులు, కిడ్నీ పేరు చెప్పి అమ్మినందుకు రెండే. ప్రస్తుతం దర్జీ చేత కింద నాలుగంగుళాల సాగే పట్టీ వేయించి, అభ్యాసానికి మాత్రమే వాడిస్తున్నాను. మ్యాచ్‌ల సంగతి వచ్చే నెల స్కానింగ్, కిడ్నీ పనితీరు తెలిపే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షల ఫలితాలు చూసి డాక్టరుగారు చెబుతారు.