రఫ్ రైడర్ల దారిలో శాన్ ఆంటోనియో, టాంపా

రఫ్ రైడర్ల (1898లో స్పెయిన్‌తో పోరాడిన అమెరికా వాలంటీర్ అశ్వికదళం) చరిత్ర మీద ఆసక్తి ఉండి, ఒక్క ఊరే చూసే వీలుంటే నేను ఫ్లోరిడాలోని టాంపాకే వెళ్లమంటాను. అందరూ ముందు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో పేరే చెబుతారు. అదీ బాగుంటుంది, కాదనను. 1898 మేలో, స్పెయిన్‌తో యుద్ధం కోసం ఈ దళం (అధికారిక పేరు మొదటి వాలంటీర్ అశ్వికదళం) తయారైంది అక్కడే. కౌబాయ్‌లు, నేటివ్ అమెరికన్లు, హార్వర్డ్‌లో చదివిన కుర్రాళ్లు, అందరూ ఒకే దళంలో! దళనాయకుడు కల్నల్ లియొనార్డ్ వుడ్ అయినా, పేరంతా ఆయన కింద పనిచేసిన థియొడోర్ రూజ్‌వెల్ట్‌కే వచ్చింది.

శాన్ ఆంటోనియోలో అలమో అనే పాత చారిత్రక కోట పక్కనే ఉన్న మెంగర్ హోటల్ 1859 నాటిది. గది బుక్ చేసేటప్పుడు పాత భాగంలోనే కావాలని అడగండి. ఆ పాతకాలపు కళ అంతా అక్కడే ఉంది. రూజ్‌వెల్ట్ మనుషుల్ని చేర్చుకున్నాడని చెప్పే బార్‌లో ముదురు రంగు చెక్కపని చూసి తీరాలి. తాగనివాళ్లయినా జనం తక్కువగా ఉండే వేళ వెళ్లొచ్చు. ఇక్కడి మామిడి ఐస్‌క్రీమ్‌కి చాలా పేరుంది. డౌన్‌టౌన్‌లో పార్కింగ్ ఖర్చెక్కువ, కారు లేకపోతేనే హాయి.

నేను తీసుకున్న గైడెడ్ టూర్ మాత్రం నిరాశపరిచింది. దళమంతా గుర్రాల మీద క్యూబాలోని శాన్ హువాన్ కొండెక్కిందని గైడ్ చెప్పేశాడు. అసలు సంగతి టాంపాలో అర్థమవుతుంది. క్యూబాకు వెళ్లే ఓడల్లో చోటు చాలక దళంలోని 12 ట్రూపుల్లో (చిన్న దళాల్లో) నాలుగింటిని, అధికారులవి తప్ప గుర్రాలన్నిటినీ అక్కడే వదిలేశారు. జూలై 1న క్యూబాలో వాళ్లు పోరాడింది కాలినడకనే. నల్లజాతి సైనికుల 9వ, 10వ అశ్వికదళాలు కూడా వాళ్లతో కలిసి ఆ కొండలెక్కాయి. వాళ్లను ఎవరూ తలవకపోతే నాకు కోపమొస్తుంది.

అధికారులు దిగిన టాంపా బే హోటల్ ఇప్పుడు యూనివర్సిటీ భవనం. అందులో ఒక భాగమే హెన్రీ బి. ప్లాంట్ మ్యూజియం. పైన వెండిరంగు మినార్లు, కింద పొడవాటి వరండా. ఆ వరండాలో ఊగుడు కుర్చీల్లో కూర్చుని అధికారులు ఓడల కోసం ఎదురుచూస్తుంటే, సైనికులు ఇసుకలో, ఎండలో గుడారాలు వేసుకున్నారు. అక్కడ నిలబడితే ఆ తేడా కళ్లకు కడుతుంది.

ఆ డిసెంబర్‌లోనే, యుద్ధాన్ని ముగించిన పారిస్ ఒప్పందంతో ప్యూర్టో రికో, గువామ్, 2 కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్ అమెరికా చేతికొచ్చాయి. మరుసటి ఏడాదే ఫిలిప్పీన్స్ ప్రజలు ఆ కొత్త పాలకుల మీద తిరగబడ్డారు. 1901లో రూజ్‌వెల్ట్ ప్రెసిడెంట్ అయ్యాడు. మ్యూజియంలో యుద్ధానికి సంబంధించిన వస్తువులు చూసేటప్పుడు ఇవన్నీ గుర్తుంచుకుని, తీరిగ్గా చూడండి. సోమవారం సెలవు. బస నదికి అవతల డౌన్‌టౌన్‌లో చూసుకుంటే వంతెన దాటి నడిచే వెళ్లొచ్చు.