పాత టూ ఇన్ వన్, పొద్దుటి జాకీ గొంతు: ఏళ్ల తరబడి వాడాక

ఈ మిషన్‌లో టేపు మీద శబ్దాన్ని రాసే, చదివే హెడ్ వంకరగా ఉంది. దాన్ని ఎవరూ సరిచెయ్యకూడదు. చెప్పదలుచుకున్నది ఇంతే, ఎందుకు చెయ్యకూడదో చెప్పడానికే ఇంత రాయాల్సి వస్తోంది.

ఎన్ని బ్యాండ్లు, ఎంత స్పీకర్, ఎన్ని బ్యాటరీలు అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. రేడియో, క్యాసెట్ ఒకే డబ్బాలో ఉండే మోనో (ఒకే ఛానల్) టూ ఇన్ వన్ ఇది. ఇప్పుడు దీనితో మిగిలిన పని ఒక్కటే. అప్పట్లో రేడియో నుంచి నేరుగా ఎక్కించిన పొద్దుటి కార్యక్రమాల క్యాసెట్లు వినడం, వాటిని కంప్యూటర్లోకి దించుకోవడం. పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది పాటకీ పాటకీ మధ్య ఆ రేడియో జాకీ మాట్లాడిన మాట. లైవ్‌లో మాట్లాడింది చాలావరకు గాల్లోనే పోయింది. ఏమన్నా మిగిలిందంటే ఇలాంటి క్యాసెట్లలోనే.

అదీ పూర్తిగా మిగల్లేదు. పాటల కోసం రికార్డు చేసేవాళ్ల వేలు ఎప్పుడూ పాజ్ మీదే ఉండేది, జాకీ నోరు తెరవగానే నొక్కేవాళ్లు. కాబట్టి ఈ క్యాసెట్లలో జాకీ అంటే వేలు ఆలస్యమైన చోట్లే. పాట చివర ఒక ముక్క, తర్వాతి పాట మొదట్లో వాయిద్యాల మీద ఇంకో ముక్క. ఈ రెండో రకం ముక్కల్లోనే ఆయన పనితనమంతా ఉంది. గాయకుడు అందుకునే ముందు 18 సెకన్ల వాయిద్యం ఉంటే, ఆ 18 సెకన్లలోనే టైము, వాన కబురు, పాట పేరు చెప్పేసి సరిగ్గా గొంతు అందుకునే క్షణానికి తప్పుకుంటాడు. పాట పాడైపోయిందని అప్పట్లో తిట్టుకుంది దీన్నే. నిద్రపోయో, బద్ధకించో పాజ్ నొక్కకుండా వదిలేసిన వైపులు కొన్ని ఉంటాయి. ముందు వాటిని పక్కకి తీసి పెట్టుకోండి.

ఇక మిషన్ సంగతి. మొదట ఇందులో మెచ్చుకోవాలనిపించేది ఆటో లెవెల్. రికార్డింగ్ లెవెల్ తిప్పుకునే నాబ్ ఇందులో లేదు, లోపలి సర్క్యూటే చూసుకుంటుంది. శబ్దం పెద్దదైతే వెంటనే తొక్కిపెడుతుంది, తగ్గితే రెండు మూడు సెకన్లు తీసుకుని మెల్లగా పైకి లేపుతుంది. జింగిల్ పెద్దగా మోగాక జాకీ మొదటి మాట లోతు నుంచి వచ్చినట్టుంటుంది, రెండో వాక్యానికల్లా దగ్గరికొస్తాడు. మధ్యలో ఆగాడా, ఆ ఖాళీని సర్క్యూట్ లేపుతుంది. ఊపిరి పీల్చిన చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు, ఒక క్యాసెట్లో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా దొరికాయి. రేడియోలో వింటున్నప్పుడు ఇవేవీ ఇంత స్పష్టంగా తెలిసేవి కాదు. మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంటుంది.

తర్వాత మోటారు నుంచి టేపుని నడిపించే బెల్ట్ పోయింది. రబ్బరు కరిగి కాటుక ముద్దలా అయ్యి కప్పీలకి పట్టుకుపోయింది. పాత మిషన్లకి మామూలే ఇది. 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు పెట్టి ఓపిగ్గా తుడవాలి. పిసరంత మిగిలినా కొత్త బెల్ట్ అక్కడ తడబడుతుంది, గొంతు వణుకుతుంది. కొత్త బెల్ట్ కొలత పాత దాన్ని చూసి తీసుకోకండి, అది సాగిపోయి ఉంటుంది. లోపలి చుట్టుకొలత దానికంటే ఒక 5 శాతం తక్కువ ఉన్నది సరిపోతుంది.

ఆ రిపేరు పనివాడు నిజాయితీగా చేశాడు, అసలు చిక్కు అక్కడే. బెల్ట్ వేశాక, అడగకపోయినా, టెస్ట్ క్యాసెట్ పెట్టి హెడ్ కోణం కూడా లెక్క ప్రకారం నిటారుగా సరిచేసి ఇచ్చాడు. కొని తెచ్చిన క్యాసెట్లు అద్దంలా పలికాయి. జాకీ క్యాసెట్ పెడితే మాత్రం ఆయన దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నాడు. 'సమయం' అన్న మాట 'హమయం' అని వినపడుతోంది. స, శ, ష మూడూ ఒకటే ఊదుడు. టేపులు చెడిపోయాయనుకుని పారేసేది సరిగ్గా ఇలాంటప్పుడే. టేపులకేమీ కాలేదు.

జరిగింది ఇది. హెడ్‌లో కంటికి కనపడనంత సన్నటి చీలిక ఉంటుంది. అది టేపు నడిచే దారికి ఏ కోణంలో ఉంటే ఆ కోణంలోనే రికార్డవుతుంది. ఈ మిషన్ హెడ్ మొదట్నుంచీ కొంచెం పక్కకి ఒరిగి ఉంది, ఈ క్యాసెట్లన్నీ ఆ ఒరుగులోనే రికార్డయ్యాయి. ఒరిగిన రాతని ఒరిగిన హెడ్డే చదవాలి, నిటారు హెడ్‌కి అది అలికేసినట్టు కనపడుతుంది. ఎంత ఒరిగితే ఇంత నష్టం అంటారా? టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. సకారాల పదును ఉండేది 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్యలో. 6 కిలోహెర్ట్జ్ శబ్దం ఒక అల టేపు మీద పట్టే చోటు 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) కూడా ఉండదు. టేపు మీద శబ్దం రాసే పట్టీ, అంటే మోనో ట్రాక్, వెడల్పు సుమారు 1.5 మిల్లీమీటర్లు. ఈ లెక్కన కోణంలో తేడా డిగ్రీలో మూడో వంతు ఉన్నా చాలు, 6 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం దాదాపు సున్నా. కింది స్థాయి శబ్దాలకి ఏమీ కాదు, అందుకే మాట అర్థమవుతుంది కానీ మనిషిని గుర్తుపట్టలేం.

మళ్లీ వంకర చెయ్యడం కష్టం కాదు, తొందర పనికిరాదంతే. ప్లే నొక్కితే హెడ్ ముందుకి జరుగుతుంది. అప్పుడు హెడ్‌కి రెండు పక్కలా ఉన్న స్క్రూలు చూడండి, ఒకదాని కింద చిన్న స్ప్రింగ్ ఉంటుంది. తిప్పాల్సింది దాన్నే. రెండోది హెడ్‌ని బిగించి ఉంచేది, దాన్ని ముట్టుకోవద్దు. చాలా మిషన్లలో క్యాసెట్ తలుపు దగ్గర ఆ స్క్రూ ఎదురుగా ఒక చిన్న బొక్క కూడా ఉంటుంది. తిప్పే ముందు స్క్రూ తల మీదా పక్కన లోహం మీదా గోళ్ల రంగుతో ఒక గీత పెట్టండి. స్క్రూడ్రైవర్‌కి అయస్కాంతం ఉండకూడదు. తర్వాత పాట కాదు, జాకీ మాట్లాడుతున్న ముక్కే పెట్టి వినాలి. పాటలో తాళాల మోత చెవిని మోసం చేస్తుంది. మాటలో సకారం మోసం చెయ్యదు. గడియారం ముల్లు ఒక నిమిషం జరిగినంత తిప్పి, రెండు వాక్యాలు విని, మళ్లీ తిప్పాలి. మొత్తం పావు చుట్టుకి మించి అవసరం రాదు. పదును పెరుగుతూ పోయి ఒక చోట తగ్గడం మొదలవుతుంది. కొంచెం దాటించి వెనక్కి వస్తేనే శిఖరం ఎక్కడో తెలుస్తుంది. 'సమయం' మళ్లీ సకారంతో మొదలైన చోట ఆపేయాలి. వయసు మీద పడితే పై శబ్దాలు చెవికి అందవు, అలాంటివాళ్లు పక్కన కుర్రవాళ్లని కూర్చోబెట్టుకుని తిప్పడం మేలు.

ఈ మిషన్ లేనివాళ్లు స్టీరియో డెక్‌తో (రెండు ఛానళ్ల క్యాసెట్ ప్లేయర్‌తో) కూడా కొంత లాగవచ్చు. మోనో టేపు కదా అని రెండు ఛానళ్లనీ కలిపితే మాత్రం పదును పోతుంది. ఒక్క ఛానలే తీసుకోండి. దాని వెడల్పు 0.6 మిల్లీమీటర్లే కాబట్టి అదే వంకరకి 6 దగ్గర పడే దెబ్బ 15 కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది. బుస కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి.

స్పీడ్ ఇంకో గొడవ. బ్యాటరీలు నీరసించిన రోజున రికార్డు చేస్తే మోటారు నెమ్మదిగా తిరిగి ఉంటుంది. ఇప్పుడు సరైన వేగంతో ప్లే చేస్తే జాకీకి పదేళ్లు తగ్గినట్టు గొంతు సన్నగా, మాట హడావిడిగా వస్తుంది. దీనికి కొలబద్ద ఆ క్యాసెట్లోనే దొరకవచ్చు: గంట కొట్టే ముందు వచ్చే పిప్ పిప్ మోతలు. చాలా స్టేషన్లలో ఒక పిప్ మొదలు నుంచి తర్వాతి పిప్ మొదలు దాకా సరిగ్గా ఒక సెకను. కంప్యూటర్లోకి దించాక, అలాంటి అయిదు దూరాలు కలిపి అలల బొమ్మ మీద కొలవండి. 5 సెకన్లు రావాల్సింది 4.8 వచ్చిందంటే, వేగాన్ని 0.96కి తగ్గించాలి. ఆడాసిటీలో (శబ్దాన్ని సవరించే సాఫ్ట్‌వేర్‌లో) స్పీడ్ మార్చండి, టెంపో మార్చవద్దు. టెంపో మారిస్తే మాట నెమ్మదిస్తుంది కానీ గొంతు సన్నగానే ఉండిపోతుంది. చిక్కేంటంటే సి-60 క్యాసెట్ (మొత్తం 60 నిమిషాలది) ఒక్క వైపు 30 నిమిషాలే, అందులో గంట ఒకసారి వస్తే అదృష్టం. బ్యాటరీ మెల్లగా దిగిపోయిన టేపులో మొదట్లో ఒక వేగం, చివర్లో ఇంకో వేగం ఉంటుంది. రెండో కొసకి ఏదైనా పాటని దాని అసలు రికార్డుతో పోల్చుకోవాలి. స్టేషన్లో పాట తిప్పిన వేగం కూడా అటూ ఇటూ అయ్యుండవచ్చు కాబట్టి, రెండూ తేడా వస్తే పిప్పుల మాటే నమ్మండి. మోటారు వెనక స్పీడ్ స్క్రూ ఉంటుంది, దాని జోలికి పోవద్దు. ఒక్కో టేపుకి ఒక్కో లెక్క ఉన్నప్పుడు మోటారుని తిప్పి లాభం లేదు.

ఆటో లెవెల్‌ని అంతగా మెచ్చుకున్నాను కదా, దానికి కొంచెం తగ్గింపు. క్యాసెట్లు పెరిగేకొద్దీ తేలిందేంటంటే, కాగితం చప్పుడు వినపడేది సిగ్నల్ బలంగా అందిన రోజులవాటిలోనే. మిగతావాటిలో ఖాళీ వచ్చినప్పుడల్లా పైకి లేచేది రేడియో బుసే. పైగా స్టేషన్లు పంపేముందే శబ్దాన్ని అదిమి సమం చేసి పంపుతాయి, అక్కడే సగం ఊపిరి పైకొచ్చేసి ఉంటుంది. అంటే ఆ దగ్గరితనంలో ఈ మిషన్ వాటా ఎంతో కచ్చితంగా చెప్పలేం. వాయిద్యాల మీద మాట్లాడినప్పుడైతే ఇది నష్టమే. డప్పు పడ్డప్పుడల్లా జాకీ గొంతు గుటకలు మింగినట్టు లోపలికి పోతుంది. దాన్ని ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ విప్పలేదు.

దించేటప్పుడు మిషన్‌ని అడాప్టర్ మీద కాక కొత్త బ్యాటరీల మీద నడపండి, కరెంటు గుంయ్ అనే మోత చాలావరకు పోతుంది. హెడ్‌ఫోన్ బొక్కలోంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కి తీగ, వాల్యూమ్ మూడో వంతు. మైక్ ఇన్‌లో పెడితే మాట చిరుగుతుంది. మిషన్ బొక్క మోనోది కాబట్టి స్టీరియో పిన్ను పెడితే ఒక పక్కే వస్తుంది, కంగారుపడక ఆ పక్కనే మోనోగా తీసుకోండి. కంప్యూటర్లో రికార్డింగ్ సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, పెద్ద మాటలు −12 నుంచి −6 డెసిబెల్స్ మధ్య. అసలు ఫైలు అలాగే దాచి, కాపీ మీదే సవరణలు చెయ్యాలి. సాఫ్ట్‌వేర్‌తో బుస తగ్గించే నాయిస్ రిడక్షన్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. దాని లెక్కలో బుస, సకారం దగ్గరి చుట్టాలు. గట్టిగా వాడితే మొదట పోయేది కష్టపడి స్క్రూ తిప్పి తెచ్చుకున్న ఆ 'స'నే. 6 డెసిబెల్స్ మించి తగ్గించకపోవడం మంచిది.

పెట్టేముందు క్యాసెట్‌ని ఒకసారి ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి చుట్టండి. సి-90, సి-120ల్లో టేపు పలచన, ఒక చుట్టు మీది శబ్దం పక్క చుట్టుకి అంటుకుంటుంది. నిశ్శబ్దంలో జాకీ మాట రాకముందే సన్నగా అదే మాట వినపడితే దయ్యం కాదు, అదే ఇది. చుట్టుని బట్టి ఒకటిన్నర నుంచి మూడు సెకన్ల ముందో వెనకో వస్తుంది. చుడితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. క్యాసెట్ లోపల హెడ్‌కి ఎదురుగా ఉండే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయిందేమో కూడా అప్పుడే చూసుకోండి. అది లేకపోతే హెడ్ ఎంత తిప్పినా సకారం రాదు, తప్పు స్క్రూది అనుకుంటారు. క్యాసెట్ పై అంచునున్న రెండు ప్లాస్టిక్ నాలుకలూ విరిచేశాకే మిషన్‌లో పెట్టాలి, అవి లేకపోతే రికార్డ్ బటన్ పడదు. ఆ బటన్ ప్లే పక్కనే ఉంది మరి.

కొనమంటారా అంటే, మీ క్యాసెట్లు ఎక్కడ రికార్డయ్యాయన్నదాన్ని బట్టి. నా దగ్గరున్నవాటిలో ఎక్కువ ఈ మిషన్ మీదే ఎక్కినవి, అందులోనూ మాటలే ఎక్కువ, అందుకని నాకిది వదులుకోలేనిది. స్టీరియో పాటల క్యాసెట్లున్నవాళ్లకి ఇది దండగ. వేరేవాళ్ల మిషన్ మీద ఎక్కించినవి ఉన్నవాళ్లు ఏ మంచి డెక్కు కొన్నా స్క్రూ తిప్పక తప్పదు.

నా మిషన్‌లో ఇప్పుడు ఆ స్క్రూ పక్కన మూడు చుక్కలున్నాయి. తెల్లది పనివాడు సరిచేసిన చోటు, కొన్న క్యాసెట్లకి. ఎర్రది జాకీది. ఆకుపచ్చది ఎవరో ఇచ్చిన రెండు క్యాసెట్లకి. వాటిలో ఉన్నదీ ఆ జాకీయే, కానీ ఆ మిషన్ ఇంకో పక్కకి ఒరిగింది.