గుంటగలగర నూనె: పచ్చి ఆకు రసమా, ఎండు పొడా?

జుట్టుకు రాసే ఈ నూనెను పచ్చి ఆకుతో కాస్తే పావు లీటరు నువ్వుల నూనెకు లీటరు రసం, 30 గ్రాముల నూరిన ముద్ద. నూరేటప్పుడు చేతులు నల్లబడతాయి, అది ఆకు గుణమే. సన్నని సెగ మీద నీరంతా ఇగరాలి. ముద్ద వేళ్ల మధ్య వత్తిలా చుట్టుకోవాలి. మంటలో పెడితే చిటపటలాడకూడదు. చిటపటలాడితే తడి మిగిలినట్టే, నూనె త్వరగా ముక్కవాసన కొడుతుంది.

ఎండు పొడి ఏడాది పొడవునా దొరుకుతుంది. చాలామంది దాన్ని నేరుగా కాగే నూనెలో పోసి మాడ్చేస్తారు. పొడికి 8 రెట్ల నీళ్లలో మరిగించి, నాలుగో వంతుకు దిగాక వడకట్టి, ఆ కషాయంతోనే నూనె కాచాలి. నూనెకు నాలుగు రెట్ల కషాయం పట్టుతుంది.

గట్ల మీద ఆకు దొరికే వానాకాలంలో పచ్చిదే మేలు. థైరాయిడ్, రక్తహీనత వల్ల ఊడే జుట్టుకు మాత్రం ముందు రక్తపరీక్ష చేయించాలి. ఆ లోపాన్ని ఏ నూనే సరిచేయదు.