బొప్పాయి చెట్టా, మామిడి మొక్కా: ఊళ్లు తిరిగి వచ్చాక ఏ ఇల్లు మేలు?

పెళ్లయిన 31 ఏళ్లలో ఎనిమిది ఊళ్లలో బొప్పాయి చెట్లు పెంచాను. ఇంకే చెట్టూ పెట్టలేదు. మావారిది రైల్వేలో సిగ్నల్ విభాగం. ఖరగ్‌పూర్‌లో మొదలై టాటానగర్, చక్రధర్‌పూర్, ఖుర్దా రోడ్, రాయగడ, కోరాపుట్, ఆముదాలవలస మీదుగా వచ్చి విశాఖలో ఆగింది మా బండి. బొప్పాయి అయితే తొమ్మిది పది నెలల్లో కాయ కనిపిస్తుంది. బదిలీ ఆర్డరు వచ్చేలోపు రెండు పళ్లయినా తింటాం. అదే కొబ్బరి మొక్క పెడితే ఆరేడేళ్ల తర్వాత ఆ నీళ్లు తాగేదెవరో!

2019లో ఆయన రిటైరయ్యారు. క్వార్టర్స్‌లో నాలుగు నెలలు మామూలు అద్దెకే ఉండనిచ్చారు. ఆ నాలుగు నెలలూ ఇంట్లో ఒకటే చర్చ. అద్దెకుందామా, విశాఖలో ఫ్లాటు కొందామా, మా అత్తవారి ఊరు విజయనగరంలో పెరడున్న ఇల్లు చూసుకుందామా? తెలిసినవాళ్లంతా డబ్బు లెక్కలే చెప్పారు. రోజూ పొద్దున్న లేచాక ఏ ఇంట్లో ప్రాణం హాయిగా ఉంటుందో ఒక్కరూ చెప్పలేదు. మూడు రకాల ఇళ్లలోనూ ఉండి చూశాను కాబట్టి ఆ లెక్క నేను చెబుతాను.

ముందు అద్దె ఇల్లు. విశాఖలో మేడ మీద పోర్షన్ తీసుకుని ఏడాదిన్నర ఉన్నాం. కింద ఓనరుగారి కుటుంబం, మంచివాళ్లే. అద్దె ఇంట్లో అందరూ తక్కువ చేసి చూసే సుఖం ఒకటుంది. కుళాయి కారినా, గోడ చెమ్మెక్కినా అది మన తలనొప్పి కాదు. ఆ పేట నచ్చకపోతే ఇంకో పేట. రిటైరైన కొత్తలో ఇది చాలా పెద్ద సుఖం. నన్నడిగితే మొదటి ఏడాది ఎవరూ ఏదీ కొనకూడదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఊహించుకున్న రిటైర్మెంటు వేరు, నిజంగా వచ్చేది వేరు. మావారు రోజూ బీచిలో నడుస్తానన్నారు. వారం నడిచారు.

కానీ అద్దె ఇంట్లో మనసు బదిలీ మీదే ఉంటుంది. అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలన్న లెక్కతో మొదలైన అలవాటు ఆ పదకొండు. కారణం తెలిసినా, ఆ అంకె చూసినప్పుడల్లా నాకు క్వార్టర్స్ రోజులే గుర్తొచ్చేవి. మా దగ్గర "చక్రధర్‌పూర్ పెట్టె" అని ఒకటుంది. ఆ ఊళ్లో కట్టిన పెట్టె, తర్వాత ఏ ఊళ్లోనూ విప్పలేదు. "ఎలాగూ మళ్లీ కట్టాలి కదా" అని మంచం కిందకి తోసేసేవాళ్లం. అద్దె ఇంట్లోనూ అది మంచం కిందే ఉంది. ఇక్కడా పెరట్లో బొప్పాయే పెట్టాను, ఓనరుగారిని అడిగి.

తర్వాత ఫ్లాటు. మా అక్కావాళ్లు అమెరికాలో కూతురి పురిటికి వెళ్తూ, "ఇల్లు మూసిపెట్టడం ఎందుకే, మీరుండండి" అన్నారు. అయిదో అంతస్తు. ఎనిమిది నెలలున్నాం. ఫ్లాటును తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది గానీ నేను తిట్టను. సాయంత్రం బాల్కనీలో సముద్రం గాలి, దోమల్లేని రాత్రులు, లిఫ్టు. తాళం వేసి పది రోజులు ఎక్కడికైనా వెళ్లి రావచ్చు, కింద వాచ్‌మన్ ఉంటాడు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? సముద్రం గాలికి గ్రిల్స్ తుప్పు పడతాయి, పాపడాలు తెరిచిన పూటే మెత్తబడతాయి. అది ఊరి గుణం, ఫ్లాటును అనడానికి లేదు.

నాకు ఫ్లాటుతో పేచీ వచ్చింది ఆవకాయ దగ్గర.

ఈ మాట కాస్త వివరంగా చెప్పాలి. పిల్లల చదువుల వల్ల మా బదిలీలన్నీ ఎండాకాలంలోనే జరిగేవి. సరిగ్గా ఆవకాయ రోజులు. ఆవకాయ కలిపితే మూడో రోజున తిరగకలపాలి. ఆ మూడో రోజున మేం రైల్లోనో, లారీ వెనకాలో ఉండేవాళ్లం. ఖుర్దా రోడ్ నుంచి రాయగడ వెళ్లేటప్పుడు జాడీకి వాసెన గట్టిగా కట్టి, దుప్పట్ల మధ్య పెట్టి పంపాను. అక్కడ దించేసరికి జాడీ రెండు చెక్కలు, దుప్పట్లన్నీ ఎర్రటి నూనె. అది మా అత్తగారిచ్చిన జాడీ. ఆయన సామాన్ల కాగితాలు చూస్తూ, "మిగతావన్నీ క్షేమమే" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు నేను. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ప్లాస్టిక్ డబ్బాలే.

మా ఉత్తరాంధ్రలో ఎండావకాయ అని పెడతాం. ముక్కల్ని ఊటలోంచి తీసి నాలుగైదు రోజులు ఎండబెట్టాలి. దానికి మంచి ఎండ, కాకుల్ని తోలే మనిషి, అన్నిటికన్నా ముఖ్యంగా డాబా కావాలి. ఫ్లాట్లో డాబా అందరిదీ. అందరిదీ అంటే ఎవరిదీ కాదని పైకెక్కాక తెలిసింది. నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, వాటి మధ్య నా చాప. రెండో రోజుకే అసోసియేషన్ గ్రూపులో ఫోటో పెట్టారు, "కామన్ ఏరియాలో ఆహార పదార్థాలు ఎండబెట్టరాదు" అని. వాళ్ల తప్పు కూడా కాదు. నలభై కుటుంబాలు వడియాలు పెడితే ట్యాంకు కడిగేవాడు ఎక్కడ నడుస్తాడు? నేను చాప చుట్టుకుని కిందకొచ్చాను. ఆ రాత్రే మావారితో, "విజయనగరంలో ఇల్లు చూడండి" అన్నాను. ఊరగాయ కోసం ఇల్లు కొన్నారని మా మరిది ఇప్పటికీ వెక్కిరిస్తాడు. పూర్తిగా అబద్ధం కాదు.

2022లో విజయనగరంలో 180 గజాల్లో పాత డాబా ఇల్లు కొన్నాం. డబ్బు మాట ఇక్కడే చెప్పేస్తాను. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, ఫ్లాటు కొన్నా అంతే. తేడా నేలలో ఉంది. మా అక్కావాళ్ల ఫ్లాటు 1,250 చదరపు అడుగులు, దానికి నేలలో వాటా 40 గజాలు. భవనం పాతబడేకొద్దీ నిలిచేది ఆ వాటా విలువే. మాకు నేలంతా మాదే, కానీ రిపేర్లూ అన్నీ మావే. మొదటి వానాకాలం వెనకగది స్లాబు కారింది. రెండో వానాకాలం పెరట్లోకి పాము వచ్చింది. మోటారు కాలిపోయిన రోజున బావి ఉన్న ఎదురింటి నుంచి బిందెలతో నీళ్లు మోశాం. క్వార్టర్స్‌లో అయితే కంప్లయింటు పుస్తకంలో రాసేసి ఊరుకునేవాళ్లం.

అయినా ఈ ఇంట్లో నాకు దొరికినవి ఆ రెండింట్లో దొరకలేదు. పెద్ద విషయాలేం కావు.

పేరు సంగతి చూడండి. ఖరగ్‌పూర్‌లో పక్కింటి బెంగాలీలు నన్ను బౌదీ (వదిన) అనేవారు, ఒడిశాలో మౌసీ (పిన్ని), ఆముదాలవలసలో సిగ్నలుగారి ఆవిడ. ఫ్లాట్లో నా పేరు "ఐదొందల రెండు ఆంటీ". కొరియర్ వాడికీ, వాచ్‌మన్‌కీ, పిల్లలకీ నంబరే. ఇక్కడ కూరల బండి అతను మా అత్తగారిని ఎరుగును. మొదటి రోజే, "పెద్దమ్మగారి కోడలు కదమ్మా, మీరు నల్ల వంకాయలు తీసుకోరు" అన్నాడు. నేను తీసుకుంటాను, మా అత్తగారు తీసుకునేది కాదు. అయినా ఆ పూట తెల్ల వంకాయలే కొన్నాను.

రాత్రి కరెంటు పోయినప్పుడు చెయ్యి తనంతట తనే టార్చి దగ్గరికి వెళ్తుంది. నవ్వకండి. క్వార్టర్ మారిన ప్రతిసారీ నాలుగైదు నెలలు నా చెయ్యి పాత ఇంటి స్విచ్చు ఉన్న చోటే గోడని తడిమేది. ఆ ఇంటి స్విచ్చు అలవాటయ్యేసరికి మళ్లీ ఆర్డరు.

పాలవాడి సంగతీ అంతే. ఎప్పుడు వస్తాడో, ఎన్ని నీళ్లు కలుపుతాడో, పండక్కి ఎంతివ్వాలో మూడేళ్లలో మాకిద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఊళ్లు తిరిగినన్నాళ్లూ ప్రతి పాలవాడి దగ్గరా మేం కొత్త బేరమే, కాబట్టి నీళ్ల పాలే.

సిరిమాను పండగ గురించి చెప్పకపోతే మా ఊరివాళ్లు ఊరుకోరు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ రెండు రోజులు విజయనగరంలో చుట్టాలు లేని ఇల్లుండదు. ముప్పై ఏళ్లు మేమే చుట్టాలం. పాసు తీసుకుని సూట్‌కేసుతో దిగడం, ఎవరింట్లోనో చాప మీద పడుకోవడం, "మీకెందుకమ్మా శ్రమ" అనడం. కిందటిసారి మా డాబా మీద పదహారు మంది పడుకున్నారు. తెల్లారి కాఫీకి లీటర్లు లెక్కపెట్టుకుంటూ, గిన్నెలు చాలక పక్కింటికి పరిగెత్తుతూ, పైకి విసుక్కుంటూనే ఎంత సంబరపడ్డానో! పక్కింటావిడ గిన్నెలు అందిస్తూ, "ఏం వదినగారూ, ఇప్పటికి ఊరివారయ్యారా?" అంది. ఫ్లాట్లో పదహారు మందిని పెట్టుకోలేమని కాదు. లిఫ్టు, పార్కింగు, కింది ఇంటివాళ్ల నిద్ర అన్నీ గుర్తుపెట్టుకుని సంబరపడాలి.

చక్రధర్‌పూర్ పెట్టె ఇక్కడే విప్పాం. పిల్లల పలకలు రెండు, పనికిరాని ఒక మర చక్రం, అక్కడి కిటికీల కొలతకు కుట్టించిన పచ్చ కర్టెన్లు. ఏ క్వార్టర్ కిటికీ ఇంకో క్వార్టర్ కిటికీతో సమానంగా ఉండదు, కాబట్టి మా కర్టెన్లు ఎప్పుడూ జానెడు పొట్టివో, మూరెడు పొడుగువో. ఇవి వంటింటి కిటికీకి సరిగ్గా సరిపోయాయి. ఉన్నాయిప్పుడు అక్కడే, రంగు వెలిసిపోయి.

సరే, ఏది మేలు? అందరికీ సొంత ఇల్లే అని నేననను. పిల్లలు విదేశాల్లో ఉండి, ఏడాదిలో నాలుగు నెలలు వాళ్ల దగ్గరకు వెళ్లేవాళ్లకి ఫ్లాటే మంచిది. మేం హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గరికి వారం వెళ్లినా మొక్కలకి నీళ్లెవరు పోస్తారు, రాత్రి లైటెవరు వేస్తారు అని టెన్షన్. ఒంటరిగా ఉండే ఆడవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి కూడా పక్క తలుపు పది అడుగుల్లో ఉండడం మేలు. మావారికి పెద్ద పరీక్షలన్నీ విశాఖ రైల్వే ఆసుపత్రిలోనే. రైల్లో గంట ప్రయాణం. పగలైతే పరవాలేదు, అర్ధరాత్రి ఆయాసం వస్తే ఏం చేస్తామన్నది మేమిద్దరం ఇంకా తేల్చని సంగతి. డెబ్బయ్యయిదు దాటాక మెట్లెక్కి డాబా మీద ముక్కలు ఎండబెట్టలేను, అప్పుడు నేనే అక్కావాళ్ల అపార్ట్‌మెంటులో ఖాళీ ఉందేమో అడుగుతానేమో. ఏ ఊళ్లో ఉండాలో ఇంకా తేలనివాళ్లు అద్దెకే ఉండండి, మొహమాటపడి కొనకండి. ఒంట్లో ఓపిక ఉండి, చుట్టుపక్కల మనుషులు కావాలనుకుని, ముప్పై ఏళ్లు పెట్టెలు కట్టి విసిగినవాళ్లకి మాత్రం పెరడున్న ఇల్లే. చిన్నదైనా సరే, పాతదైనా సరే.

ఇంట్లో చేరిన మొదటి వానాకాలంలోనే సువర్ణరేఖ మామిడి అంటు తెచ్చి పెరట్లో పెట్టాం. అలవాటు కొద్దీ దాని పక్కన బొప్పాయి కూడా. బొప్పాయి కాసి, ముసలిదై, గాలివానకు విరిగిపోయింది. మొన్న మాఘంలో మామిడికి మొదటిసారి పూత వచ్చింది. నర్సరీ అతను, "కొమ్మలు ఇంకా లేత, ఈ ఏడు పూత ఉంచకండి బాబూ" అన్నాడు. మావారు స్టూలేసుకుని ఒక్కొక్క గుత్తీ తుంచి నా చేతికిచ్చారు. ఒక గుత్తి మాత్రం కనపడనట్టు వదిలేశారు, నేనూ చూడనట్టే ఊరుకున్నాను. దానికి రెండు పిందెలు నిలిచాయి.