పదో తరగతి తర్వాత అప్రెంటిస్: ఐటీఐ దారి మేలా, పాలిటెక్నిక్ దారి మేలా?

పది ఫలితాలు రాగానే మన ఇళ్లలో ఇంటర్ ఎంపీసీ తప్ప వేరే మాట వినపడదు. అయినా ఆ గోల వద్దు, చేతిలో పని ఉండాలి, త్వరగా ఫ్యాక్టరీ గేటు దాటాలి అనుకునే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఐటీఐలో ఫిట్టర్, వెల్డర్ లాంటి ఏదో ఒక చేతిపని (ట్రేడ్) నేర్చుకుని ట్రేడ్ అప్రెంటిస్‌గా, అంటే కంపెనీలో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే శిక్షణార్థిగా చేరొచ్చు. లేదంటే పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష పాలిసెట్ రాసి, మూడేళ్ల డిప్లొమా పూర్తిచేసి టెక్నీషియన్ అప్రెంటిస్‌గా చేరొచ్చు. పదో తరగతి సర్టిఫికెట్‌తోనే నేరుగా కంపెనీలో చేరే మూడో దారి కూడా ఉంది. దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు, అందుకే చివర్లో చెబుతాను.

దేన్ని ఎంచుకున్నా ముందు ఒక మెలిక తెలుసుకోవాలి. అప్రెంటిస్ అవకాశం దాదాపు ఒక్కసారే. ఇప్పటికే ఎక్కడైనా అప్రెంటిస్ చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు అనర్హులని రైల్వే నోటిఫికేషన్లలో స్పష్టంగా ఉంటుంది. డిప్లొమా, డిగ్రీ వాళ్లకు నడిచే నాట్స్ పథకంలోనూ ఇదే తీరు. ఇంటి పక్కన ఉందని ఏదో చిన్న షెడ్డులో ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెట్టేస్తే, ఆ తర్వాత లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ పిలిచినా వెళ్లలేరు. కోర్సు ఎంపిక మీద నెలలు వాదించుకుంటాం కానీ, అప్రెంటిస్ ఎక్కడ చేయాలన్నది ఒక్క ఫోన్ కాల్‌లో తేల్చేస్తాం. నా లెక్కలో అసలు ఆలోచించాల్సింది అక్కడే.

ఇక టైము, డబ్బు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్ట్ ట్రేడులు రెండేళ్లు. ఆపైన ఏడాది అప్రెంటిస్, మొత్తం మూడేళ్లు. డిప్లొమా మూడేళ్లు, అప్రెంటిస్ ఏడాది, మొత్తం నాలుగు. తేడా ఒక్క ఏడాదే. "పాలిటెక్నిక్ అయితే చాలా లేటండీ" అనే తల్లిదండ్రులు ఈ కూడిక ఒకసారి వేసి చూడాలి. వెల్డర్, డీజిల్ మెకానిక్ లాంటి ఏడాది ట్రేడులైతే తేడా రెండేళ్లు అవుతుంది.

స్టైపెండ్ చూసి మాత్రం దారి ఎంచుకోకండి. 2019 నిబంధనల ప్రకారం నెలకు కనీసం ఇవ్వాల్సింది ఐటీఐ వాళ్లకు 7,000, డిప్లొమా వాళ్లకు 8,000, డిగ్రీ వాళ్లకు 9,000 రూపాయలు. ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025లో సిఫారసు చేసింది. ఎంత పెరిగినా ఇది జీతం కాదు. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణలో ఉన్న మనిషే తప్ప కార్మికుడు కాదు, కాబట్టి పీఎఫ్ ఉండదు. హాస్టల్ ఇవ్వని చోట్లే ఎక్కువ. జనగామ నుంచో తెనాలి నుంచో వచ్చి సికింద్రాబాద్‌లో గది తీసుకుంటే, అద్దె, మెస్ బిల్లు కట్టాక చేతిలో మిగిలేది ఫోన్ రీచార్జికి సరిపోతే గొప్ప. ఇంటి నుంచి కొంత పంపాల్సి వస్తుందని ముందే అనుకోవడం మంచిది.

ఐటీఐ దారికి ఉన్న బలం వేరు. పని నిజంగా చేతికి వస్తుంది. ఫిట్టర్ ట్రేడ్‌లో మొదటి నెలల్లో చేసేది ఆకురాయి పట్టి ఇనుప ముక్కను చదునుగా అరగదీయడమే. చేతులు బొబ్బలెక్కుతాయి, విసుగొస్తుంది, సగం మంది అప్పుడే మానేద్దామా అనుకుంటారు. ఆ దశ దాటినవాడికి వెర్నియర్, మైక్రోమీటర్ లాంటి కొలత పరికరాలు చేతిలో ఆడతాయి. రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి సందు లేకుండా కూర్చునేలా తయారుచేయగలడు. ఇది పుస్తకం చదివితే రాదు.

రెండో బలం, ఈ దారి నేరుగా కొన్ని గేట్ల ముందుకు తీసుకెళ్తుంది. దక్షిణ మధ్య రైల్వేలో అప్రెంటిస్ ఎంపికకు పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి మెరిట్ జాబితా వేస్తారు. పదిలో 50 శాతం ఉండాలి. అందుకే "ఐటీఐయే కదా, పాసైతే చాలు" అనుకునేవాళ్లు అక్కడే వెనకబడతారు. రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) ఖాళీల్లో 20 శాతం కేటాయింపు ఉంది. పరీక్ష మాత్రం రాయాలి, ఉద్యోగం దానంతట అది రాదు. విశాఖలో నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఉంది. అక్కడ రాతపరీక్ష కూడా ఉంటుంది, పోటీ గట్టిదే. కానీ నేవీ ట్రేడ్స్‌మన్ స్కిల్డ్ పోస్టులకు అప్రెంటిస్ పూర్తిచేసి ఉండటమే అర్హత కాబట్టి, నా దృష్టిలో ఉత్తరాంధ్ర కుర్రాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

ట్రేడ్ ఎంపికలో ఒక చిన్న హెచ్చరిక. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పనికొచ్చే ట్రేడుల్లో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ ఉన్నాయి కానీ వెల్డర్ లేదు. వెల్డర్‌కి బయట, గల్ఫ్‌లో డిమాండ్ బాగానే ఉంటుంది, అది వేరే లెక్క. లోకో పైలట్ కల ఉన్నవాడు మాత్రం ఏడాదిలో అయిపోతుందని అందులో చేరకూడదు.

డిప్లొమా దగ్గర విషయం మారుతుంది. అక్కడ చేతిపని తక్కువ, డ్రాయింగు, లెక్కలు ఎక్కువ. డిప్లొమా అప్రెంటిస్‌ని సాధారణంగా సూపర్‌వైజర్ వెంట వేస్తారు. మెషిన్ ఎందుకు ఆగిందో లాగ్ బుక్‌లో రాయడం, స్పేర్ల కోసం స్టోర్స్ చుట్టూ తిరగడం, షిఫ్ట్ మారేటప్పుడు పని అప్పగించడం ఇవన్నీ నేర్చుకుంటాడు. మంచి ప్లాంటులో మెయింటెనెన్స్, క్వాలిటీ, ప్లానింగ్ అన్ని విభాగాలూ తిప్పుతారు. చెడ్డ చోట ఎక్సెల్ షీట్లు నింపిస్తారు.

మరి డిప్లొమా ఎందుకంటే, పైకప్పు ఎత్తు కోసం. కేంద్ర ప్రభుత్వ జీతాల పట్టికలో రైల్వే లెవెల్-1 మూలవేతనం 18,000. ట్రేడ్స్‌మన్, అసిస్టెంట్ లోకో పైలట్ స్థాయిది 19,900. జూనియర్ ఇంజినీర్‌ది 35,400, దానికి డిప్లొమా కావాలి. ఇస్రో టెక్నికల్ అసిస్టెంట్ అయితే 44,900, దానికి ఫస్ట్ క్లాస్ డిప్లొమా. ఐటీఐతో చేరి శాఖాపరమైన పరీక్షలతో జూనియర్ ఇంజినీర్ అయినవాళ్లు ఉన్నారు, కాకపోతే దానికి ఏళ్లు పడుతుంది. పైగా డిప్లొమా వాళ్లకు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరే వీలుంది. ఈ ఈసెట్ ఊపులో చాలామంది అప్రెంటిస్ సంగతే మర్చిపోతారు. బీటెక్ కాలేజీ మంచిది దొరక్కపోతే, ఏడాది బీహెచ్‌ఈఎల్, బీడీఎల్ లాంటి ఏ ప్రభుత్వ రంగ సంస్థలోనో తిరిగిన అనుభవమే ఎక్కువ పనికొస్తుందని నేను అంటాను. ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, తెలుసు.

కాబట్టి రెండు సీట్లూ చేతిలో ఉన్న పిల్లాడికి లేదా పిల్లకి, ఇంట్లో నాలుగేళ్లు ఆగగలిగితే, నేను ప్రభుత్వ పాలిటెక్నికే చెబుతాను. అయితే పోలిక ప్రభుత్వ ఐటీఐకీ, లేత్ మెషిన్లు దుమ్ము పట్టి ఉన్న ప్రైవేట్ పాలిటెక్నిక్‌కీ మధ్య అయితే కళ్లు మూసుకుని ఐటీఐ. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024లో శ్రీకారం చుట్టారు. కొత్త మెషిన్లు వచ్చిన చోటికి ఒకసారి వెళ్లి చూసి రండి. పద్దెనిమిదికల్లా సంపాదన మొదలవ్వాల్సిన ఇల్లయినా ఐటీఐయే. ఆ తర్వాత ఎల్‌పీసెట్ రాసి తెలంగాణలో డిప్లొమా రెండో ఏడాదిలో చేరే తలుపు ఎలాగూ తెరిచే ఉంటుంది.

మూడో దారి మాట. పదితో నేరుగా చేరితే అవే 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండ్ 6,000. 30 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం. కొన్ని కంపెనీలు దీన్ని చవక కూలీగా వాడుకుంటాయి. ఏడాదంతా ఒకే లైన్‌లో ఒకే బోల్టు బిగించి బయటికొచ్చినవాడికి ఏ ట్రేడూ రాదు. కంపెనీ సొంతంగా రూపొందించుకున్న ఆప్షనల్ ట్రేడ్ అయితే, వచ్చే సర్టిఫికెట్ రైల్వే లాంటివి అడిగే ఎన్ఏసీ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్) కాకపోవచ్చు. ఇంకో సంగతి, ప్రమాదకర పరిశ్రమల్లో 18 నిండకుండా తీసుకోకూడదు. పదహారేళ్ల పిల్లాణ్ని కెమికల్ ఫ్యాక్టరీకి పంపమని ఏ ఏజెంటైనా అంటే అక్కడితో ఆపేయండి.

ఏ దారిలో వెళ్లినా సంతకం ముందు మూడు అడగాలి. కాంట్రాక్టు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదవుతుందా? చివర్లో ఏ పరీక్ష, ఏ సర్టిఫికెట్? అప్రెంటిస్ అయ్యాక ఉద్యోగాలపై కంపెనీ పాలసీ ఏమిటి? మొదటి రెంటికీ సూటిగా జవాబు రాకపోతే చేరొద్దు. మూడోదానికి "తప్పకుండా పర్మినెంట్ చేస్తాం" అని నోటిమాటగా అంటే నమ్మొద్దు. శిక్షణ ఇచ్చినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన చట్టంలో లేదు. మిగతా అన్నీ సమానమైతే శిక్షణ పొందినవారికే ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1995లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో చెప్పింది, కానీ ఆ మాట పట్టుకుని పోరాడే ఓపిక పందొమ్మిదేళ్ల కుర్రాడికి ఎక్కడుంటుంది? అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదన్నది కూడా చట్టంలో ఉంది. కుర్రాడు మైనరైతే కాంట్రాక్టు మీద తండ్రో తల్లో సంతకం పెట్టాలి కాబట్టి, కాపీ ఒకటి అప్పుడే అడిగి తీసుకుని ఇంట్లో పెట్టుకోండి.