తొంభై రోజుల లక్ష్యసాధన కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి

డబ్బు వెనక్కి ఇమ్మన్నందుకు, నేను నమ్మి రాసిచ్చిన ఇంటి సంగతులను ఈ కోచింగ్ వాళ్లు మొన్న ఆదివారం రాత్రి అందరి ముందూ చదివి వినిపించారు. కోపం ఇంకా చల్లారలేదు, అయినా చల్లారేదాకా ఆగదలచుకోలేదు. నెలాఖరున కొత్త బ్యాచ్ మొదలవుతుందని వాళ్ల ప్రకటన మళ్లీ తిరుగుతోంది, మనలో ఎవరో ఒకరు ఈ వారంలోనే డబ్బు కట్టేస్తారు.

నేను ఎవరి గురించి చెబుతున్నానో, సర్కారు బడి టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదివేవారికి పేరు పెట్టి చెప్పనక్కర్లేదు. ఫోన్ తెరిస్తే చాలు, ఎర్రని గడియారం తిరుగుతూ, వ్యక్తిగత కోచ్ మీ పక్కనే ఉండి తొంభై రోజుల్లో మీ రోజును మీ చేతికిస్తాడని చెప్పే ఆ ప్రకటనే. నేను హనుమకొండ దగ్గర ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. చిన్న తరగతులకు చెప్పే ఎస్జీటీ పోస్టు కోసం 2017 నోటిఫికేషన్‌లో రాశాను, రాలేదు. ఏళ్లు ఎదురుచూశాక 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ వచ్చినప్పుడు మళ్లీ రాశాను. 160 ప్రశ్నలకు 80 మార్కులు, అంటే ప్రశ్నకు అర మార్కు ఉండే ఆ పరీక్షలో ఒకటిన్నర మార్కు తేడాతో పోస్టు చేజారింది. మూడే మూడు ప్రశ్నలు. నాకు తెలివి చాలకకాదు, చదువుకునే సమయం చిక్కకే పోయిందన్న బాధ అప్పటినుంచీ నాలో ఉంది, వాళ్లు పట్టుకున్నది సరిగ్గా ఆ బాధనే.

ఫోన్ చేసిన అమ్మాయి ప్రతి మాటకూ అక్కా, అక్కా అంటూ చాలా ఆప్యాయంగా మాట్లాడింది. మొత్తం 24,000 రూపాయలనీ, నెలకు 3,000 చొప్పున ఎనిమిది వాయిదాల్లో కట్టుకోవచ్చనీ, వారం రోజుల్లో నచ్చకపోతే డబ్బంతా వెనక్కి ఇస్తామనీ చెప్పింది. తెర మీద గడియారం గడువుకు ఇంకా పదకొండు నిమిషాలే చూపిస్తుంటే తొందరపడి పాన్ కార్డు ఫొటో పంపాను, సెల్ఫీ దిగాను, ఓటీపీ కూడా చెప్పాను. మర్నాడు అదే పేజీ తెరిస్తే ఆ గడియారం మళ్లీ మొదటినుంచి తిరుగుతోంది. ఆ క్షణంలోనే నాకు అర్థం కావలసింది. పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, ఆ మాత్రం లెక్క నేను చూసుకోలేదు.

తరువాత ఒక ఫారం పంపారు. తొమ్మిది పేజీలు. వారం పాటు ప్రతి అరగంటకూ ఏం చేస్తున్నారో రాయండి, మిమ్మల్ని వెనక్కి లాగుతున్నది ఏమిటో మనసు విప్పి రాయండి, ఇది మీ కోచ్ ఒక్కరే చదువుతారు అని అందులో ఉంది. నేను నిజంగానే రాశాను. పిల్లల పాత రూళ్ల నోటుపుస్తకం ఒకటి కొంగున చెక్కుకుని తిరుగుతూ, పొయ్యి దగ్గర, బస్సులో, స్టాఫ్ రూములో ఎక్కడ వీలైతే అక్కడ రాసుకున్నాను. వారానికి ఉన్నవి 168 గంటలు. నిద్ర 45, బడీ రాకపోకలూ కలిపి 57, ఇల్లూ, పక్షవాతంతో మంచాన పడిన మా అత్తమ్మ పనులూ 44 పోగా నాకు మిగిలేవి 22 గంటలని, అవి కూడా ముక్కలుముక్కలుగా ఉన్నాయని, రాత్రి తొమ్మిది తరువాతా ఆదివారం మధ్యాహ్నమూ తప్ప గంటకు మించిన ఖాళీ నాకు ఎక్కడా లేదని మొదటిసారి కళ్లారా చూశాను. ఆ తొమ్మిది పేజీల చివర, ఎవరికీ చెప్పని మాట ఒకటి రాశాను. అత్తమ్మకు పక్క మార్చేటప్పుడు ఒక్కోసారి విసుగు వస్తుందనీ, ఆ విసుగుకు సిగ్గుపడి రాత్రంతా పుస్తకం తెరవలేకపోతాననీ రాశాను.

మొదటి కాల్ పదకొండో రోజున ఇచ్చారు. డబ్బు వెనక్కి ఇచ్చే వారం గడువు కట్టిన రోజు నుంచే లెక్క అని, అది దాటిపోయిందని నాకు తెలిసింది తరువాత. ఆ కాల్ అయ్యాక నా కోసం ప్రత్యేకంగా తయారుచేశామని ఒక టైంటేబుల్ పంపారు. దాని పైన వేరే ఎవరిదో పేరు ఉంది. ఉదయం 5:30కు ధ్యానం, ఆరింటికి జిమ్, కారులో వెళ్తూ ఆడియో పాఠాలు, పదింటికి కస్టమర్లకు ఫోన్లు అని రాసి ఉంది. మా వాడలో నల్లా నీళ్లు వచ్చేది సరిగ్గా 5:30కే. బిందెలూ డ్రమ్మూ నిండేదాకా నేను అక్కడే నిలబడతాను. ఆ మాట ఫారం రెండో పేజీలోనే ఉంది.

సొంత పరిశోధనతో కనిపెట్టామని వాళ్లు చెప్పుకునే పద్ధతి కూడా వాళ్లది కాదు. ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాల విరామం అనేది 1980ల చివర ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టిన పద్ధతి. తొందరవి, ముఖ్యమైనవి అని పనులను విడదీసే నాలుగు గళ్ల పట్టిక అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరుతో ఎప్పటినుంచో చలామణిలో ఉన్నదే. రెండూ ఎక్కడైనా ఉచితంగా దొరుకుతాయి. డబ్బు తీసుకునే కోచ్ చేయవలసిన పని, ఆ పద్ధతిని నా వారానికి అమర్చి ఇవ్వడం. నా రాత్రి తొమ్మిదింటిని ఎలా కాపాడుకోవాలో, బస్సులో నిలబడి వెళ్లే నలభై నిమిషాల్లో ఏ సబ్జెక్టు పడుతుందో కూర్చుని ఆలోచించడం. అది ఒక్కరోజు కూడా జరగలేదు.

అందుకే డబ్బు వెనక్కి ఇమ్మని మర్యాదగా మెయిల్ రాశాను. జవాబు రాలేదు. ఆదివారం సమీక్ష కాల్‌లో నూట నలభై మంది దాకా ఉండగా నా వంతు వచ్చినప్పుడు అదే మాట అడిగాను. ఆ కోచ్ నవ్వి, తన తెర మీద నా ఫారం తెరిచి, అందరికీ వినిపించేలా చదవడం మొదలుపెట్టాడు. "ఈ మేడమ్ రెండుసార్లు డీఎస్సీ పోగొట్టుకున్నారు. నల్లా నీళ్లట, బస్సట, మంచాన పడ్డ అత్తగారిని చూస్తే విసుగట. సాకులు ఎంత శ్రద్ధగా రాశారో చూడండి. రీఫండ్ అడిగేవాళ్లు ఉద్యోగం కూడా ఇలాగే పోగొట్టుకుంటారు" అన్నాడు. నేను మాట్లాడబోతే నా మైకు ఆపేశారు. నిమిషం తిరక్కుండా కాల్ నుంచి, వాట్సాప్ గ్రూపు నుంచి నన్ను తీసేశారు.

వంటింట్లో పని చేసుకుంటూ వింటున్నందున ఫోన్ స్పీకర్‌లో ఉంది. అత్తమ్మ మంచం అక్కడికి నాలుగడుగుల దూరం. ఆమెకు మాట సరిగా రాదు గానీ వినికిడి బాగానే ఉంది. చాలాసేపటి తరువాత, "నా వల్లనేనా బిడ్డా?" అని అడిగింది. కాదని చెప్పాను, చేయి పట్టుకుని కూర్చున్నాను. పోయిన డబ్బు ఎలాగో సంపాదించుకుంటాను. ఆమె చెవిన పడిన ఆ మాటను నేను వెనక్కి తీసుకోలేను. ఎదురుగా ఎవరున్నారో తెలియకుండా నా మనసులో మాట రాసి ఇచ్చినందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

నిన్న ఉదయం మూడో వాయిదా కట్టమని ఒక రుణ సంస్థ నుంచి మెసేజ్ వచ్చింది. అప్పుడు గానీ తెలియలేదు, వాళ్లు వాయిదాలన్నది నా పేరు మీద తీసుకున్న అప్పని. కోచింగ్ ఆగినా ఆ అప్పు ఆగదు, కట్టకపోతే, అప్పులు తీర్చే తీరును చూపే నా సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫిర్యాదు రుసుము లేదు, రెండేళ్లలోపు వేయవచ్చు. అక్కడికీ వెళ్తాను. మళ్లీ మళ్లీ మొదలయ్యే ఆ గడియారం లాంటి తప్పుడు తొందరపెట్టడాన్ని కేంద్రం 2023 నవంబరులోనే నిషేధించింది, దాని స్క్రీన్‌షాట్లు కూడా జత చేస్తున్నాను. మీరు ఇప్పటికే చేరి ఉంటే, ఆ వాయిదా అప్పా కాదా అన్నది ఈ రోజే చూసుకోండి. డిజిటల్ అప్పుల్లో అసలూ, వాడుకున్న రోజులకు ఖర్చూ కట్టి జరిమానా లేకుండా బయటపడే గడువు ఉంటుంది, అది ఎన్ని రోజులో అప్పు వివరాల పత్రంలో రాసి ఉంటుంది. ఫారంలో మాత్రం మీ గంటలు తప్ప మీ ఇంటి సంగతులు రాయకండి.

మొన్నటి ఆదివారం కాల్‌లో ఉన్నవారు ఇది చదువుతుంటే, మీలో ఎవరి దగ్గరైనా దాని రికార్డింగ్ ఉంటే దయచేసి నాకు మెసేజ్ చేయండి. నా మైకు ఆపేశాక అతను ఇంకా ఏం చదివాడో నాకు తెలియాలి.