మా ప్లాంట్‌లో చేయించిన ఓటీ సెక్యూరిటీ ఆడిట్: ఐదుకి నాలుగు

మాది పాశమైలారంలో బల్క్ డ్రగ్ యూనిట్, నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. పోయిన షట్‌డౌన్‌లో హెడ్డాఫీసు వాళ్ళు ఒక ఓటీ (ప్లాంట్ యంత్రాల్ని నడిపే కంట్రోల్ సిస్టమ్స్) సెక్యూరిటీ కంపెనీని పంపించారు, పేరు చెప్పను, ఎందుకంటే తిట్టేది కూడా ఉంది.

తిట్టేది ముందు చెప్పేస్తా. మొదటి రోజు వచ్చిన కుర్రాళ్ళు ఆఫీసు నెట్‌వర్క్ అనుకున్నారో ఏమో డైరెక్ట్‌గా స్కాన్ వేశారు, అంటే నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి పరికరాన్నీ కదిలించి చూశారు, ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి) ప్యానెల్లో ఉన్న పాత పీఎల్‌సీ (యంత్రాల్ని నడిపే చిన్న కంప్యూటర్) టక్కున ఫాల్ట్‌లోకి పోయింది, పవర్ తీసి పెడితే గానీ లేవలేదు. షట్‌డౌన్ కాబట్టి సరిపోయింది, రన్నింగ్‌లో అయితే బ్లోయర్లు ఆగి నా పని అయిపోయేది. ఒక స్టార్ అక్కడే కట్.

మర్నాడు వాళ్ళ సీనియర్ వచ్చాక లెక్క మారింది. స్కాన్ ఆపించి, నెట్‌వర్క్ స్విచ్‌లో మిర్రర్ పోర్ట్ (ట్రాఫిక్ కాపీ ఇచ్చే పోర్ట్) పెట్టి, ఊరికే ట్రాఫిక్ వింటూ కూర్చున్నారు. రెండ్రోజుల్లో మా డ్రాయింగ్‌లో లేని పరికరాలు నాలుగు బయటపడ్డాయి, అందులో ఒకటి చిల్లర్ వెండర్ సర్వీస్ కోసమని పెట్టి వెళ్ళిన 4జీ రూటర్, పాస్‌వర్డ్ డబ్బాలోంచి వచ్చిందే. ఆయనేం కంగారు పడలేదు, 2023 నవంబర్‌లో అమెరికాలో అలిక్విప్పా అనే ఊరి నీళ్ళ సప్లైలో యూనిట్రానిక్స్ కంపెనీ పీఎల్‌సీని హ్యాకర్లు ఇలాగే చేజిక్కించుకున్నారు సార్, ఆ పరికరాల డిఫాల్ట్ పాస్‌వర్డ్ 1111 అని చెప్పాడు. ఆ ఊరి వాళ్ళు పంపుల్ని మాన్యువల్‌గా నడిపి నీళ్ళిచ్చారట. మీరు నడపగలరా అని అడిగాడు, నడుపుతాం అన్నాను నేను గొప్పగా.

సరే చూపించండి అని స్పేర్ సీపీయూ టేబుల్ మీద పెట్టి, రియాక్టర్ పీఎల్‌సీ చచ్చింది, లేపండి అన్నాడు. డబ్బులిచ్చింది దీనికే అనిపించింది నాకు. బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఉంది కానీ అది 2019ది, ఆ తర్వాత మార్చిన ఇంటర్‌లాకులు (ప్రమాదం రాకుండా యంత్రాన్ని ఆపే లాజిక్) అందులో లేవు. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ విండోస్ 7 ల్యాప్‌టాప్‌లో ఉంది, దాని పాస్‌వర్డ్ మానేసి వెళ్ళిన అబ్బాయికి తెలుసు, వాడు దుబాయ్‌లో. పొద్దున మొదలెడితే సాయంత్రం టీ అయ్యాక లేచింది. కొత్త బ్యాకప్ తీసుకుని వారం తర్వాత మళ్ళీ చేస్తే 50 నిమిషాలు.

మాన్యువల్ సంగతి ఇంకా ఘోరం. 2015 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌లో హ్యాకర్ల దాడికి దాదాపు 2.25 లక్షల కనెక్షన్లకి కరెంటు పోతే గంటల్లో తిరిగి ఇవ్వగలిగింది వాళ్ళ సిబ్బంది సబ్‌స్టేషన్లకి వెళ్ళి బ్రేకర్లు చేత్తో వేసుకున్నారు కాబట్టే. మా సీనియర్ ఆపరేటర్ అన్న కూలింగ్ వాటర్ వాల్వ్ హ్యాండ్‌వీల్ తిప్పబోతే కదల్లేదు, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. "తిప్పి ఎన్నేళ్ళయిందో బాబూ" అన్నాడు. రిపోర్టులో నాకు అన్నిటికంటే నచ్చిన లైన్ "హ్యాండ్‌వీల్స్‌కి గ్రీజ్" అనేదే.

కీ స్విచ్ దగ్గర మాత్రం నేనే దొరికిపోయా. అర్ధరాత్రి ప్యానెల్ దాకా ఎవడు నడుస్తాడని పీఎల్‌సీ కీని రిమోట్‌లోనే, అంటే కంప్యూటర్ నుంచే ప్రోగ్రామ్ మార్చగలిగేలా, వదిలేసేవాణ్ణి. 2017లో సౌదీ పెట్రోకెమికల్ ప్లాంట్‌లో ట్రైకోనెక్స్ సేఫ్టీ కంట్రోలర్ మీదకి ట్రైటన్ అనే మాల్వేర్ ఎక్కిందంటే కీ ప్రోగ్రామ్ మోడ్‌లో ఉండిపోవడం కూడా ఒక కారణం. ఇప్పుడు రన్‌లో పెట్టి తాళంచెవి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కి ఇచ్చేశాం, రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకోవాలి.

రిపోర్ట్ మాత్రం బండెడు, సగం కాపీ పేస్ట్. అన్ని ప్యాచ్‌లూ వెంటనే వేయమంటారు, డీసీఎస్ (ప్లాంట్ మెయిన్ కంట్రోల్ సిస్టమ్) వెండర్ ఓకే అనకుండా, క్యూఏ (క్వాలిటీ వాళ్ళు) దగ్గర చేంజ్ కంట్రోల్, అంటే మార్పుకి రాతపూర్వక అనుమతి, లేకుండా ఫార్మాలో ఎలా వేస్తాం చెప్పండి. చివర్లో వాళ్ళ ఫైర్‌వాల్ కొటేషన్ కూడా కుట్టారు, అది పక్కన పెట్టా.

చిన్న యూనిట్ల వాళ్ళు పిలిపించుకోవచ్చు, కాకపోతే ముందే ఆ సీనియర్‌నే పంపమనండి, స్కాన్ వేయకూడదని ఆర్డర్‌లో రాయించండి. మా చిల్లర్ రూటర్ ఇంకా అక్కడే ఉంది, తీస్తే వారంటీ పోతుందంటున్నారు, అందుకే సిమ్ ఒక్కటే పీకి నా డ్రాయర్‌లో పెట్టుకున్నా, సర్వీస్ కావాల్సినప్పుడు వాళ్ళు ఫోన్ చేస్తే వెళ్ళి పెడతా.